నాలుగింటిలోపు శాన్ ఆంటోనియో: లామినేట్ చేయించిన బర్త్ సర్టిఫికెట్‌తో ఒక ప్రయాణం

డల్లాస్ పక్కనున్న మా ప్లేనో నుంచి శాన్ ఆంటోనియోకి కారులో అయిదు గంటలు చాలు. మాకు తొమ్మిదిన్నర పట్టింది. అందులో ట్రాఫిక్ తప్పు కొంత, మిగతాదంతా నా తప్పే. పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి మీరెవరైనా ఆ దారిన వెళ్ళబోతుంటే, ముందు నా తెలివితేటల కథ చదివి బయల్దేరండి.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. అప్పటినుంచి శనివారాలు లైబ్రరీలో కూర్చుని, కాలేజీ అప్లికేషన్లు నింపుకునే పిల్లలకి సాయం చేస్తున్నాను. అక్కడే పరిచయమైంది మారిసోల్. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మొన్న మే నెలలో హైస్కూల్ పూర్తిచేసింది. వాళ్ళమ్మ ఎల్వీరా ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. ఆ ఇంట్లో ఇంతవరకు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. మెక్సికో లాంటి స్పానిష్ దేశాల మూలాలున్న హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా చదివే కాలేజీలకు ఫెడరల్ ప్రభుత్వం గ్రాంట్లు ఇస్తుంది. అలాంటి గ్రాంట్‌తో శాన్ ఆంటోనియోలో ఒక కాలేజీ వేసవి క్లాసులు నడుపుతోంది. హాస్టల్, పుస్తకాలు ఉచితం. క్లాసులు పూర్తిచేస్తే మొదటి సంవత్సరం ఫీజు కూడా వాళ్ళే కడతారు. అందులో మారిసోల్‌కి సీటొచ్చింది. కానీ గురువారం సాయంత్రం నాలుగింటిలోపు తను స్వయంగా వెళ్ళి, ఒరిజినల్ బర్త్ సర్టిఫికెట్ చూపించి సంతకం పెట్టాలి. లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్ళకి పోతుంది. పోనీ వచ్చే ఏడాది చూద్దామంటే, అప్పటికి ఆ గ్రాంట్ ఉంటుందో ఊడుతుందో తమకే తెలియదని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు.

ఎల్వీరాకి ఆ రోజు సెలవు దొరకలేదు. నేను తీసుకెళ్తానని ముందుకు దూకింది నేనే. అంతకు ముందువారం ఆవిడ ఆ సర్టిఫికెట్‌ని కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలోంచి తీసి నా చేతికిచ్చింది. నాలుగు మడతలు, చిరగబోతున్న అంచులు. చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. కాగితమంటే మనవాళ్ళకి ఎంత భయభక్తులో మీకు చెప్పాలా? టెన్త్ మార్కుల మెమో దగ్గర్నుంచి ప్రతిదీ లామినేట్ చేయించి, ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఇంకో ఫోల్డర్‌లో పెడితేగానీ మనకి నిద్రపట్టదు. మారిసోల్‌ని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళి చక్కగా లామినేట్ చేయించాను. అద్దంలా మెరిసింది. ఎల్వీరా దాన్ని గుండెలకి హత్తుకుంటే నాకు మహా గర్వంగా అనిపించింది.

గురువారం పొద్దున్న ఆరుంపావుకి బయల్దేరాం. డల్లాస్ దాటడానికే గంట పట్టింది కాబట్టి మీరు ఇంకా ముందే బయల్దేరండి. ఐ-35 మీద వేకో చేరేసరికి ఎనిమిదిన్నర. కారులో గ్యాస్ నింపుకుని, కాఫీ కొనుక్కుని కారులో కూర్చున్నాం. మారిసోల్ ఫోన్‌లో కాలేజీవాళ్ళ ఈమెయిల్ మళ్ళీ చదువుకుంటోంది. ఉన్నట్టుండి ఫోన్ నావైపు తిప్పింది.

"మిస్," అంది. లైబ్రరీలో పిల్లలంతా నన్ను అలాగే పిలుస్తారు. "కింద చిన్న అక్షరాల్లో ఉంది. లామినేట్ చేసినవి యాక్సెప్ట్ చెయ్యరట. సీల్‌ని చేత్తో తడిమి చూడాలట."

ఆ ఈమెయిల్ నేను మూడుసార్లు చదివాను. ఆఫీసులో నా ఉద్యోగమే ఇతరుల తప్పులు పట్టుకోవడం.

"షాపులో నాకు డౌట్ వచ్చింది. కానీ మీకన్నీ తెలుసు కదా అనుకున్నాను, మిస్," అంది మెల్లగా. లాగి చెంపమీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మావారు రవికి ఫోన్ చేశాను. ఆయనది కరీంనగర్, కంగారన్నది తెలియని మనిషి.

"లామినేట్ చేయించినవా? నీకేమన్న పిచ్చా?" అని మొదలుపెట్టి, నా గొంతు విని ఆగారు. "సరే, పరేషాన్ గాకు. నేను చెక్ చేస్తున్న. ఆ పిల్ల టెక్సాస్‌లనే పుట్టింది గదా? అట్లయితే దగ్గర్ల ఏ కౌంటీ ఆఫీసుకు పోయినా కొత్త కాపీ ప్రింట్ చేసిస్తరంట. ఐడీ ఉందా ఆమె దగ్గర?"

ఐడీ ఉంది. తొమ్మిదింటికల్లా దారిలోనే ఒక కౌంటీ ఆఫీసులో ఉన్నాం. కౌంటర్‌లో కూర్చున్న పెద్దావిడ మా గోడు విని, కళ్ళజోడు సర్దుకుని, "సిస్టమ్ డౌన్ అయింది, హనీ. అది లేస్తేనే ఈ ప్రింటర్ కదిలేది," అంది.

"ఎంతసేపు పడుతుందండీ?"

"మొన్న ఇరవై నిమిషాలు పట్టింది. నిన్న మధ్యాహ్నందాకా లేవలేదు."

ఆ హాల్లో గోడగడియారం ఎదురుగానే కుర్చీలు వేసి చంపారు. పది దాటింది, పదిన్నర అయింది. కాలేజీకి ఫోన్ చేసి ఆలస్యమవుతోందని చెబుదామా అని మారిసోల్ రెండుసార్లు అడిగింది. వద్దంటే వద్దన్నాను. వీసా ఇంటర్వ్యూల్లో నేర్చుకున్న సూత్రం నాదొకటుంది: అడగని సంగతి ఆఫీసరుకి చెప్పకూడదు. చెబితే కొత్త అనుమానం పుడుతుంది. "ఇప్పుడు మనం నోరు విప్పితే సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ముందు చేరుకుందాం," అన్నాను. పిల్ల తలూపింది. ఆ సర్టిఫికెట్‌ని తిప్పుతూ, ప్లాస్టిక్ అంచుని గోటితో గీరుతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది, కానీ నేనే ఏడిస్తే దానికి ధైర్యం చెప్పేదెవరు?

పదకొండూ నలభైకి ప్రింటర్ కదిలింది. ఇరవై మూడు డాలర్లు కట్టాం. పెద్దావిడ కొత్త కాగితం మీద ముద్ర నొక్కి, కవర్లో పెట్టి ఇస్తూ, "దీన్ని మాత్రం అలాగే ఉంచండి," అని నావైపు చూసింది. బుద్ధిగా తలూపాను.

టెంపుల్ అనే ఊరి దగ్గర రోడ్డు పనుల్లో నలభై నిమిషాలు కదల్లేదు. జార్జ్‌టౌన్ దాటాక ఆస్టిన్ ఊళ్ళోకి పోకుండా 130 టోల్ రోడ్డు ఎక్కాం. మీరూ అదే ఎక్కండి, డల్లాస్ టోల్ ట్యాగ్ అక్కడా పనిచేస్తుంది. దక్షిణాన కొంతదూరం స్పీడ్ లిమిట్ ఎనభై అయిదు మైళ్ళు. అంత వేగంగా నేనెప్పుడూ నడపలేదు. మధ్యలో ఒక గ్యాస్ స్టేషన్‌లో టాకోల కొట్టుంటే పదే పది నిమిషాలు ఆగాం. నేను శాకాహారినని, బీన్స్ టాకో తినొచ్చా అని వంటావిడని అడిగాను.

"బీన్స్ వద్దు సెన్యోరా, అందులో పంది కొవ్వుంటుంది. బంగాళాదుంపది తీసుకోండి," అని, మారిసోల్ ముఖం చూసి, "ఈ పిల్లకేమైంది?" అంది.

మారిసోల్ స్పానిష్‌లో ఏదో చెప్పింది. ఆవిడ గబగబా పొట్లం కట్టిచ్చి, ఇంక నడవండి అన్నట్టు చెయ్యూపింది. టాకోలు కార్లోనే తిన్నాం. నాకు రుచి తెలియలేదు.

సెగీన్ దగ్గర ఐ-10 పట్టుకుని, మూడూ నలభైకి కాలేజీ పార్కింగ్‌లోకి వచ్చిపడ్డాం. మేం వెళ్ళాల్సిన బిల్డింగ్ ఆ చివరెక్కడో ఉంది. నలభై ఏడేళ్ళ వయసులో, జూన్ ఎండలో, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. లోపల పొడుగాటి వరండా, ఒక బెంచీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, పక్కన మారిసోల్ ఈడు కూతురు. ఆయాసంతో మాకు మాట రాకపోతే, మా చేతిలో కవరు చూసి ఆయనే లేచి నిలబడ్డాడు.

"రిజిస్ట్రేషనా? ఈ తలుపే. త్వరగా వెళ్ళండి, నాలుగింటికి మూసేస్తారు," అని తలుపు తీసి పట్టుకున్నాడు.

డెస్క్ దగ్గరున్నామె కవర్లోంచి కాగితం తీసి, ముద్రని బొటనవేలితో తడిమి, తలూపింది. మారిసోల్ సంతకం పెట్టేటప్పటికి మూడూ యాభై మూడు. నేను దాన్ని వాటేసుకుని భోరుమన్నాను. అప్పుడు డెస్క్ ఆమె లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి, "సారీ సర్. చివరి విద్యార్థి వచ్చేసింది," అంది.

బెంచీ మీది ఆయనతో. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆయన కూతురిదట. మెక్సికో సరిహద్దులో ఉన్న లరేడో నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారట. ఒక్క పిల్ల ఇంకా రాలేదు, కబురూ లేదు, ఆశ ఉందని పొద్దున చెప్పారట. ఆయన మావైపు చూశాడు. టోపీ చేతిలోకి తీసుకుని మారిసోల్‌తో, "ఫెలిసిదాదెస్, మీహా," అన్నాడు. అభినందనలమ్మా అని. ఆ కూతురు మాత్రం మావైపు చూడలేదు. ఫోన్‌లో తిరుగు బస్సుల టైములు చూసుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో ఒక్కదాన్నే నడుపుతూ, సంతోషించాలని చాలాసార్లు ప్రయత్నించాను. సీటు న్యాయంగా మారిసోల్‌దే. మేము ఎవరి దగ్గరా లాక్కోలేదు. అంత పెద్ద ప్రభుత్వం తలుపు తీసినా, అందులోంచి ఒకళ్ళే పట్టేటట్టు తీసింది. అదీ నా తప్పు కాదు. ఇవన్నీ నిజాలే. అయినా మనసొప్పుకోలేదు. ఎల్వీరా ఫోన్ చేసి, ఏడుస్తూ, నన్ను దేవతంది. ఆ బెంచీ సంగతి ఆవిడకి చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క సలహా. లామినేషన్ గురించి కాదు, అది ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. దారిలో ఆలస్యమైతే ఆ ఆఫీసుకి ఫోన్ చేసి, "వస్తున్నాం" అని చెప్పండి. వచ్చేవాళ్ళ సీటు నాలుగింటిదాకా ఎవరికీ ఇవ్వరని డెస్క్ ఆమె తర్వాత నాతో చెప్పింది. తొమ్మిదింటికి నేను ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆ తండ్రీకూతుళ్ళు రోజంతా ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళు కారు.