స్వేచ్ఛ మీద మూర్తిగారి ఉపన్యాసం

ఈ సాయంత్రం సౌదీలోని దమ్మామ్‌లో మా సాహిత్య కూటమి సమావేశం మూర్తి అంకుల్ ఇంట్లో జరిగింది. ఆధునిక అమెరికన్ నాటకాల్లో అస్తిత్వవాదం అంటూ ఆయన గంటసేపు దంచారు. ఆ పాత్రలు తాగి, అరుచుకుని, చివరికి తెలుసుకునేది ఒకటేనట: నీ తరఫున ఇంకొకరు ఎంచుకుంటే అది నీ బతుకే కాదు. మగవాళ్లంతా తెగ తలలూపారు.

ఇక్కడి సర్కారు విదేశీయుల కుటుంబాల మీద తలకింతని నెలనెలా లెవీ వేశాక మాలో సగంమంది ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు కదా, అందుకే మధ్యలో అడిగాను, "మీరుంటున్నారా అంకుల్?"

"నేనుంటానమ్మా. మీ ఆంటీకీ పాపకీ పొద్దున్నే ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశాను, వీసా రద్దు, ఇక ఇండియాకే. ఫోన్లోనే అయిపోతుంది, ఎంత సుఖమో!"

పకోడీల పళ్లెంతో వస్తున్న శారద ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవాళా? పాప పదో తరగతి సగంలో ఉందండీ! నాతో ఒక్క మాటైనా..."

"చెబితే ఏడుస్తావనే చెప్పలేదు. ఇటు తే, చల్లారిపోతాయి." మావైపు తిరిగారు. "ఎక్కడున్నాం? ఆఁ, స్వేచ్ఛ."

ఆంటీ పళ్లెం పట్టుకుని వెనక్కి వెళ్లి వంటింటి తలుపు గడియ పెట్టుకుంది.

ఉపన్యాసం మాత్రం ఆగలేదు. మా మేధావులు చివర్లో చప్పట్లు కూడా కొట్టారు. వాళ్లకి అర్థం కానిదల్లా ఒక్కటే, పకోడీలు ఎందుకు రాలేదని. మీలో ఎవరైనా చెప్పగలరా?