మెరిసింది సరే

నరసరావుపేట కాలేజీ ల్యాబ్‌లో ఆమె నాకు సీనియర్. అక్కా అని పిలిచేవాణ్ణి. మాచవరం దగ్గర మిరప రైతుల ఇంటి పిల్ల. కుర్చీలో కుదురుగా కూర్చోగా ఏనాడూ చూడలేదు, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేది. బతికున్న కణాల్లోకి వెలుగునిచ్చే నానో రేణువులను పంపి, వాటివల్ల కణాలకు హాని ఉందేమో చూడటం మా పని.

మొదటిసారి మైక్రోస్కోపు తెర మీద కణాలు పచ్చగా వెలిగినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

"మెరిసింది సరే, బతికుందా?" అంది అక్క.

"ఏందక్కా, ఇంత బాగా వెలుగుతుంటే!"

"కొత్త మందు కొట్టిన తెల్లారి మా మిరపతోట గూడా చానా నిగనిగలాడిందిరా. తర్వాత నిలువునా మాడిపోయింది. రేపు మనుషుల ఒంట్లోకి పోయేవి ఇయ్యి."

చచ్చిన కణాలకు మాత్రమే పట్టే నీలం రంగు ఒక చుక్క వేసింది. మళ్లీ చూశాం. అన్నిటికంటే ఎక్కువ మెరిసినవే నీలంగా మారాయి.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడానికి అక్క కొత్త గ్లవ్స్ తొడుక్కుంది.

ఇప్పుడు నా ల్యాబ్‌లో తెర వెలగగానే విద్యార్థులు చప్పట్లు కొడతారు. కుర్చీలోంచి లేచి తిరగడం మొదలుపెట్టేది నేనే.