పొరల బావగారి పెంకు

పురావస్తు తవ్వకాల పర్యవేక్షకుడిని అందరూ పొరల బావగారు అంటారు. అక్కడ ఫొటోలు తీసేది ఆయన బావమరిది కాబట్టి ‘బావగారు’ వచ్చింది. ‘పొరల’ మాత్రం స్వార్జితం. ఎవరు కనిపించినా ఒకటే పాఠం: కింది పొర పాతది, పై పొర కొత్తది, వస్తువు ఎంత అందంగా ఉందని కాదు, ఏ పొరలో దొరికిందని చూడాలి.

ఇంట్లోనూ ఇదే బడి.

“పక్కింటావిడ ఇల్లు మారుతోందటండీ,” అంది భార్య.

“చూశావా, విన్నావా? చూస్తే ప్రాథమిక ఆధారం, వింటే ద్వితీయం. చెప్పినవాళ్లకు దానివల్ల లాభమేమిటో కూడా కనుక్కోవాలి.”

“పాలు పొంగుతున్నాయి. ముందు పొయ్యి కట్టేయండి, లేకపోతే ఆధారం నేలంతా దొరుకుతుంది.”

ఆయనకు ఒక్క కోరిక మిగిలింది. ఉద్యోగం ముగిసేలోగా తను తవ్వి తీసినదేదైనా మ్యూజియం పెద్ద హాల్లో, అద్దాల పెట్టెలో, కింద తన పేరుతో ఉండాలి. ఇన్నాళ్లూ ఆయన తీసినవన్నీ మూటగట్టి గోదాములో పడేసే బాపతే.

అలాంటిది ఒకరోజు అట్టడుగు పొరలో కుండపెంకు దొరికింది. దాని మీద నాలుగు గీతలు. సాయంత్రానికి అవి అతి పురాతన లిపి అయ్యాయి. మర్నాటికి ఆ లిపిలో ఒక రాజు కూడా వెలిశాడు. పాపం, పేరొక్కటే తేలలేదు.

బావమరిది ఫొటో తెచ్చాడు. పెంకు చుట్టూ మట్టి నల్లగా, గొట్టంలా పైదాకా సాగి ఉంది.

“బావగారూ, ఇది ఎలుక కలుగు. పై పొరలో పెంకు దీంట్లోంచి కిందికి జారింది. మీ రాజు మొన్నమొన్నటివాడు.”

“జారడం నువ్వు చూశావా?”

“మీరు రాజును చూశారా? లోకం కొండను తవ్వి ఎలుకను పడుతుంది. మీరు ఎలుక కన్నంలో రాజును పట్టారు.”

“మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను. ఆ నల్లటి అంచు కత్తిరించి తీసుకురా.”

“ఆధారాన్ని కత్తిరించమంటున్నారా? మీరే?”

“అది ఆధారం కాదురా, అనవసర వివరం.”

అక్క మొగుడి మాట. కత్తిరించాడు.

మ్యూజియం డైరెక్టర్ వచ్చి, పెంకును అటూ ఇటూ తిప్పి, ఫొటో అందుకున్నారు.

“స్కేలు ఏదండీ?”

తవ్వకంలో ఏ ఫొటో తీసినా కొలత తెలిసేలా పక్కన నలుపు తెలుపు గళ్ల కర్ర పెడతారు. అది లేని ఫొటోలను బావగారే ఎందరి మొహానో కొట్టారు. ఈసారి కర్రను కలుగు పక్కనే పెట్టారు. కత్తెర రెండింటినీ కలిపి పట్టుకుపోయింది.

“పెట్టలేదా, తీసేశారా?”

బావగారు బావమరిది వైపు చూశారు.

“నన్ను చూడకండి, నేను ద్వితీయ ఆధారాన్ని,” అంటూ అతను అసలు ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

డైరెక్టర్ కేకలేయలేదు. పెంకును అద్దాల పెట్టెలోనే పెట్టించారు. కాకపోతే పెద్ద హాల్లో కాదు, కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పే గదిలో. కింద అట్టముక్క మీద ఇలా రాయించారు: ‘ఎలుక కలుగులోంచి కింది పొరకు చేరిన పెంకు. పొర చదవడంలో పొరపాటుకు ఉదాహరణ.’ ఆ కింద బావగారి పేరు, ఇంటిపేరుతో సహా.

ఆదివారం ఆయన భార్యను తీసుకెళ్లి చూపించారు, పై రెండు వాక్యాలకూ చెయ్యి అడ్డం పెట్టి.