మార్చి తర్వాతి సంగతి

మా మావయ్య పోయారు. అరకు నుంచి విశాఖ తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు సగం దిగేసరికే అయిపోయిందని అంబులెన్సులోంచి మా ఆయన ఫోన్ చేశారు. అప్పుడు నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతున్నాను. ఫోన్ పెట్టేసి మిగతా పాఠం కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. ఇంటికెళ్లి అమ్మ మొహం చూశాక గానీ ఏడుపు రాలేదు.

అమ్మకి ఆయన ఒక్కగానొక్క తమ్ముడు. సాలూరులో పుట్టి, వాతావరణశాస్త్రంలో డాక్టరేట్ చేసి, దూరాన ఏదో నగరంలో ఉన్న పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్‌గా పనిచేసేవారు. కంప్యూటర్లో ఒక భూగోళాన్ని తయారుచేసి, దానికి ఎండా గాలీ తేమా ఇచ్చి, నూరేళ్లు ముందుకి నడిపి చూడడం ఆయన పని. పోస్ట్‌డాక్ అంటే డాక్టరేట్ అయినవాళ్లని అసలు ఉద్యోగం దొరికేదాకా ఉంచే కొలువు. ఏటా మార్చికి ముగుస్తుంది. పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నలభై దాటినా ఆయన అందులోనే ఉన్నారు. వచ్చిన పెళ్లి సంబంధాలన్నీ "పర్మినెంటేనా?" దగ్గరే ఆగిపోయాయి.

ఒకసారి చుట్టాల పెళ్లిలో మా పెద్దనాన్న అందరి ముందూ అడిగేశాడు. "అంత సదువు సదివి ఇంకా టెంపరరీయేటి, బామ్మర్దీ?"

మావయ్య విస్తట్లోంచి తలెత్తలేదు. "నూరేళ్ల తర్వాత అరకులో వాన సంగతి అడుగు బావా, చెప్తాను. మార్చి తర్వాత నా సంగతి మాత్రం అడక్కు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం పులిహోర కలుపుతూనే ఉన్నారు. కలిపిన పులిహోరని మళ్లీ ఎవరైనా కలుపుతారా?

ఏదడిగినా ఒక్క అంకె చెప్పడం ఆయనకి చేతకాదు. భోజనానికి ఎప్పుడొస్తావంటే "ఏడుకీ ఎనిమిదిన్నరకీ మధ్య" అనేవారు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా ఏదో ఒక "మధ్య" చెప్పి అమ్మ చేత తిట్లు తినేవారు. "ఒక్క అంకె చెప్పేవాణ్ని నమ్మకమ్మా, వాడు ఎక్కడో ఏదో దాస్తున్నాడు" అని నాతో అనేవారు. ఇంటర్ ఫిజిక్సులో నేను తప్పితే, వేసవంతా సాలూరులో కూర్చుని నన్ను గట్టెక్కించింది ఆయనే. ఈరోజు నేను తింటున్న తిండి ఆ వేసవి పెట్టింది.

నాకు అరకులో ఉద్యోగం వచ్చి అమ్మని తెచ్చుకున్నాక, ప్రతి వానాకాలం మా ఇంటికే వచ్చేవారు. ఆయన కంప్యూటర్ భూగోళంలో, అదే మోడల్‌లో, నేలని గడులుగా కోస్తారట. ఒక్కో గడికి ఒకటే ఎత్తు. మా కొండా, కొండ కింద మైదానమూ ఒకే గడిలో పడేవి. "మీ కొండని దంచి పిండి చేసి గడంతా పరిచేశారమ్మా. ఇక మబ్బు ఎక్కడ ఆగుతుంది?" అని బాధపడేవారు. గడుల్ని చిన్నవి చేసి, అందులో కొండని మళ్లీ నిలబెట్టడానికి ఆయన వయసంతా పోయింది. ఆ లెక్క సరిపోతోందో లేదో చూసుకోడానికి కాఫీ తోటల్లో వానకొలతల డబ్బాలు పెట్టుకున్నారు.

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. తోటగల ముసలావిడ కాఫీ చెట్ల కింద కలుపు తీస్తోంది. "ఏటి సేత్తన్నావు బాబూ, ఏటేటా వచ్చి?" అంది. మావయ్య ఓపిగ్గా చెప్పారు. మనవల నాటికి ఈ వాలున వేడి పెరగొచ్చనీ, కాఫీని ఇంకా పైకి జరపాల్సి రావొచ్చనీ.

"పైన రాయే గదా. రాయి మీద కాఫీ కాస్తాదేటి?"

కాయదని మావయ్య ఒప్పుకున్నారు.

"ఈ ఏటి వాన సెప్పవు. మనవల నాటిది సెప్తావు. మరి నీకు కూడెవరు పెడతన్నారు?"

"అదే నాకూ తెలీడం లేదమ్మా" అన్నారు. ఆవిడ పకపకా నవ్వి ఆయన చేతిలో రెండు పనసతొనలు పెట్టింది.

ఈ ఏడాది మార్చి అయింది, పొడిగింపు రాలేదు. కాగితం పైకి వెళ్లిందన్నారు. జీతం ఆగింది, ఇన్సూరెన్సు ఆగింది. అయినా తొలకరికి వచ్చేశారు, కొలతలు మధ్యలో తెగిపోతే అన్నేళ్ల పనీ పాడవుతుందని. కొండెక్కితే గుండెల్లో పట్టేస్తోంది. విశాఖలో డాక్టరు వెంటనే పరీక్ష చేయించుకోమన్నాడు.

"ఆర్డరొచ్చాక చేయించుకుంటా."

"ఎప్పుడొస్తుంది మావయ్యా ఆ ఆర్డరు?"

"వారానికీ రెండు నెలలకీ మధ్య."

నా ఒళ్లు మండిపోయింది. డబ్బు మేం పెట్టుకుంటామంటే వినలేదు. "అక్క కూతురి చేత కట్టించుకుంటే ఇక నేను ఉద్యోగంలో లేనట్టేనమ్మా" అన్నారు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ సంస్థ మీద ఉన్నదాన్ని కోపం అంటే చాలదు.

పోయిన అయిదో రోజున సంస్థవాళ్లు ఆన్‌లైన్‌లో సంతాపసభ పెట్టారు. అమ్మా నేనూ ఫోన్ ముందు కూర్చున్నాం. ప్రాజెక్టు పెద్దాయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు.

"ఏటంటన్నాడే?" అంది అమ్మ.

"మావయ్య తమ కుటుంబంలో మనిషేనట."

"అయితే మైలెన్నాళ్లు పట్టేరో కనుక్కో."

మైక్ ఆపేసి ఉంది కాబట్టి ఎవరికీ వినపడలేదు. వినపడితే బాగుండునని ఇప్పుడనిపిస్తుంది.

మాకింకా మైల తీరలేదు. నా పాత విద్యార్థిని ఒకతె, పరిశోధన ముగించబోతున్న పిల్ల, ఫోన్‌కి ఒక ప్రకటన పంపింది. ఆమెకి మా కబురు తెలీదు. "మేడమ్, ఇది మీ మావయ్యగారి సంస్థేనా? నేను పెట్టుకోవచ్చా?" అని కింద రాసింది.

చదివాను. కొండప్రాంతాల వానల మీద పోస్ట్‌డాక్ కొలువు. చిన్న గడుల పద్ధతిలో అనుభవం తప్పనిసరి. తూర్పు కనుమల్లో కొలతలు తీసినవారికి ప్రాధాన్యం. ముప్పై అయిదేళ్లు దాటకూడదు. ఏడాది కాలానికి, అవసరాన్ని బట్టి పొడిగింపు.

అమ్మ అడిగితే తెలుగులో చెప్పాను.

"వోళ్లకి కావలసినవన్నీ మా తమ్ముడి దగ్గర ఉన్నాయి గదే?"

"ఉన్నాయమ్మా. వయసే దాటిపోయింది."



"అంటే బతికున్నా ఇచ్చీవోళ్లు కాదన్నమాట."

అని అమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది. పెద్దకార్యం నాడు ఎవరికైనా ఇచ్చేద్దామని మావయ్య చొక్కాలు ఉతికి తీగ మీద ఆరేసింది. కొండ మీంచి జల్లు దిగుతోంది. అమ్మ ఆ చొక్కాల పక్కన నిలబడింది. ఒక్కటీ తియ్యలేదు.