గేటుకు అంటించని నోటీసు

మా బడికి బెంచీలు కొనే పని ఆ ఏడాది నా మీద పడింది. కొత్తగూడ దగ్గర, ఆఫీసు బస్సులు ఆగే రోడ్డుకు వెనక సందులో ఉన్న ప్రభుత్వ పాఠశాల మాది. నేను అక్కడ సైన్సు టీచర్ని. ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇంకా నేల మీదే కూర్చుంటున్నారని తెలిసి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు బెంచీలకు డబ్బిస్తామన్నారు. ఒకటే షరతు పెట్టారు. బయట నోటీసు అంటించి, ధరలు రాసిన సీలు కవర్లు కనీసం మూడు తీసుకుని, అందరి ముందూ విప్పి, తక్కువ ధరకు మంచి సరుకు ఇచ్చేవాళ్ళకే పని ఇవ్వాలి. మా హెడ్‌మిస్ట్రెస్ గారికి రిటైర్మెంట్ దగ్గరపడింది. "నువ్వే చూసుకో అమ్మా, నాకీ కాగితాల లొల్లి ఒద్దు" అని ఫైలు నా చేతిలో పెట్టారు.

నాకూ కాగితాలంటే భయమే. అంతకు ముందు ల్యాబు సామాను కొన్నప్పుడు ఒక బిల్లు మీద తేదీ లేదని ఆడిట్ వాళ్ళు నన్ను నెలల తరబడి తిప్పారు. అందుకే గచ్చిబౌలిలో ఫర్నిచర్ షాపు నడిపే డీలరుకు ఫోన్ చేశాను. ఆయన సరుకు వేళకు పంపుతాడు, బిల్లులో తప్పుండదు.

"మీరేం పరేషాన్ కాకండి మేడం, మూడు కొటేషన్లూ నేనే తెస్తా" అన్నాడు. ఒకటి తన షాపు పేరు మీద, మిగతా రెండూ తెలిసినవాళ్ళ లెటర్‌హెడ్ల మీద, కాస్త ఎక్కువ ధరలతో. ఎక్కడైనా జరిగేదే కదా అనుకున్నాను. నేను ఆయన దగ్గర టీ కూడా తాగలేదు. ఆ ఒక్కటి పట్టుకుని, నేను నిజాయితీపరురాలినని చాలాకాలం నమ్మాను.

నోటీసును గేటుకు అంటించాల్సింది. నేను ఆఫీసు గదిలో బీరువా పక్కన, తలుపు తీస్తే చాటుకు పోయే చోట అంటించి, దాన్ని ఫొటో తీసి ఫైల్లో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ గది ఊడుస్తూ ఆయమ్మ అక్కడ ఆగింది. మా బడి ఊడ్చేది ఆమే. రోజూ మధ్యాహ్నం స్టాఫ్ రూము గడప దగ్గర కూర్చుని, తను తెచ్చుకున్న జొన్నరొట్టెలో సగం తుంచి నాకు పెట్టేది.

"ఏం కాగితం మేడం గిది?" అని అడిగింది.

"ఏదో సర్క్యులర్‌లే. నీకు సంబంధం లేదు" అన్నాను.

ఆమె ఏడో తరగతి దాకా చదివిందని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

శనివారం నాలుగింటి వరకు గడువు. మూడు దాటాక గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్న ఒక మనిషి, డ్రైవరు సాయంతో ఒక బెంచీ దింపి వరండాలో పెట్టాడు. ఆయమ్మ భర్త. మదీనాగూడలో వెల్డింగ్ షాపు ఉందట. కవరు రెండు చేతులతో అందించాడు.

"నమూనా కూడ తెచ్చిన మేడం. పెద్ద క్లాసుల పాత బెంచీల మొలలకు పిల్లల బట్టలు చినుగుతున్నయని మా ఆమె చెప్పింది. గందుకే యాడ మొల కొట్టలే, మూలలు గుండ్రంగ కోసిన."

నేను బెంచీ మీద చేయి వేసి చూశాను. ఎక్కడా గరుకు లేదు.

నాలుగింటికి పాఠశాల కమిటీ అధ్యక్షురాలి ముందు కవర్లు విప్పాను. ఆమె ఏడో తరగతి చదివే ఒకమ్మాయి తల్లి. ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది, ఆ పూట సెలవు పెట్టుకుని వచ్చింది. డీలరు పంపిన మూడింటితో కలిపి నాలుగు కవర్లలో అందరికంటే తక్కువ ధర వెల్డింగ్ ఆయనది.

డీలరుకు నేనప్పటికే మాటిచ్చేశాను.

"మీరు మూడేళ్ళ అనుభవ పత్రం జతచేయలేదండీ. అది లేకపోతే కొటేషన్ చెల్లదు" అన్నాను.

"కాగితంల గట్ల లేదు గద మేడం."

"ఉందండీ. మీరు సరిగ్గా చూసుకోలేదు."

లేదు. అలాంటి షరతు నేనెక్కడా రాయలేదు. ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ నడుముకు దోపుకున్న ఫోను తీసింది. తెర మీద వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది. అది నా నోటీసు ఫొటో అని నాకు అర్థమైంది. తర్వాత నా వైపు చూసింది. ఆమె హాజరు పట్టీ మీద నెలనెలా సంతకం పెట్టేది నేనే. ఆమె ఫోను మళ్ళీ దోపుకుని, "నడువ్, పోదాం" అంది భర్తతో. ఇద్దరూ బెంచీ మోసుకుంటూ వెళ్ళిపోయారు. అధ్యక్షురాలు నేను చూపించినచోట సంతకం పెట్టింది. సోమవారం నేను కొత్త షరతు కలిపి నోటీసు మళ్ళీ టైపు చేయించి, దాన్నీ అక్కడే అంటించి ఫొటో తీసి, ఫైల్లో పాత ఫొటో స్థానంలో పెట్టాను.

డీలరు బెంచీలు వచ్చాయి. కంపెనీ ఉద్యోగులు ఒకే రంగు టీషర్టుల్లో వచ్చి ఫొటోలు దిగారు. బెంచీలు విరగలేదు, ఆడిట్ ఏమీ అనలేదు. నన్నెవరూ పట్టుకోలేదు. ఆయమ్మ మాత్రం మధ్యాహ్నం వేప చెట్టు కింద కూర్చుని తినడం మొదలుపెట్టింది. పిలిస్తే, "ఈడ గాలి మంచిగుంది మేడం" అనేది. మాటలో ఎక్కడా తేడా లేదు. అదే భరించలేకపోయాను.

మరుసటి ఏడాది కిటికీలకు గ్రిల్స్ పెట్టించే పని వచ్చింది. నోటీసు గేటుకే అంటించి, ఆమె దగ్గరికి వెళ్ళాను.

"మీ ఆయన్ని కవరు వేయమను. ఈసారి సరిగ్గా చూస్తాను."

"ఆయన అపార్టుమెంట్ల పనులు చేస్తుండు మేడం. బడి పని ఒద్దంటుండు."

అప్పుడు అడిగాను. "ఆ రోజు ఫొటో ఎందుకు చూపించలేదు?"

ఆమె చేటలోని చెత్త డబ్బాలో పోసింది. "చూపిస్తే మీ ఇజ్జత్ పోతుండె, నా పని పోతుండె. రెండిట్ల ఏది ముందు పోతదో తెల్వక ఊకున్న."

తప్పయిందని చెప్పాను. ఆమె తలూపింది. క్షమించానని మాత్రం అనలేదు. అనాలని నేనెందుకు ఎదురుచూశానో కూడా తెలియదు.

ఆ వారమే జరిగిన కమిటీ సమావేశంలో, హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళతో వద్దంటున్నా, జరిగిందంతా చెప్పాను. కొనుగోళ్ళ పని నాకు వద్దన్నాను. అధ్యక్షురాలు తన చేతుల వైపు చూసుకుంది.

"మీరు చదివే చెప్తున్నరని నమ్మి, చూపెట్టినకాడ సంతకం పెట్టిన మేడం" అంది. "అయితే నా సంతకం కూడ అబద్ధమేనా?"

అవునన్నాను.