విభూతి పెట్టుకుని ఇంటర్వ్యూకు

డెబ్భైల చివర బి.కాం. పాసై రెండేళ్లు తిరిగేసరికి నాకు బాగా అబ్బిన విద్య దరఖాస్తు రాయడం. జవాబులు రాకపోవడంలో నా చేతిరాత తప్పేమీ లేదు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. అయినా నాయన నన్ను మగ్గం కింది గుంతలో కాలు పెట్టనివ్వలేదు. చదువుకునే చేయి పట్టు ముట్టుకుంటే చదువు పాడవుతుందని ఆయన నమ్మకం. పట్టు కూడా పాడయ్యేదే. భయమేస్తే నా అరచేతులు చెమటతో తడిసిపోతాయి, నాకేమో భయం వేయని రోజు తక్కువ.

చివరికి ఒక ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. చేనేత సూపర్‌వైజర్ ఉద్యోగం. నేతపని తెలిసిన పట్టభద్రులు కావాలన్నారు. రెండూ నాకున్నాయని రాసి పంపాను. పట్టభద్రుణ్ణన్నది నిజమే.

నాయన కాగితం చదివించుకున్నాడు. "ఇదే ఆఖరు. ఇది గూడా పోయిందంటే గుంతలోకి దిగు. నిన్ను ఊరికే కూచోబెట్టి మేపేకి నాతో కాదప్పా."

ఇంటర్వ్యూలో దొంగనని తేలిపోతుందని ఒక భయం. ఉద్యోగం రాక నాయన మగ్గం ముందు కూర్చోబెడితే, ఇరవై మూడేళ్లకు, చిన్నపిల్లలు చేసే పని కూడా రాదని వీధికంతా తెలుస్తుందని ఇంకో భయం. అమ్మ దగ్గరికి పోయాను.

అమ్మ ఇంటింటికీ పోయి పోగులు అతికేది. మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటీ కలిపి, జారకుండా బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టాలి. ఒక్కో పడుగుకు వేల నిలువు పోగులు. అందుకోసం ఒక కొబ్బరిచిప్పలో బూడిద ఎప్పుడూ ఆమె మోకాలి పక్కనే ఉండేది.

"నాకు నేర్పియ్‌మ్మా. ఎనిమిది దినాలుండాది."

"నాకు ఎనిమిదేండ్లు పట్టిందిరా. సరే, ఈడ కూచో."

పోగు జారింది. మళ్లీ జారింది. అమ్మ నా అరచేయి తిప్పి చూసింది.

"ఏమిరా ఇది! శింగనమల చెరువులో గూడా ఇన్ని నీళ్లు లేవు గదరా ఈ ఏడు."

ఆ ఏడు వాన మొహం చూపలేదు. మా తాలూకాలో తడిగా ఉన్నవి నా చేతులే అనుకుంటాను. ఎనిమిదో రోజుకు పది పోగుల్లో మూడు నిలిచాయి. మిగతావి నాయన దగ్గితే తెగిపోయేవి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే అమ్మ నా నొసట మూడు పట్టెల విభూతి పెట్టి అనంతపురం బస్సెక్కించింది. బూడిద పొట్లం కట్టుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

బల్ల వెనక ముగ్గురు. ప్యాంట్లు వేసుకున్న ఇద్దరూ కాలేజీలో ఏం చదివావని అడిగారు. చెప్పాను. ఎవరం పెద్దగా సంతోషించలేదు. మూడో ఆయన పంచె కట్టుకున్న ముసలాయన. ఆయన బొటనవేలు మా అమ్మ వేలిలాగే బూడిదరంగులో ఉంది. అది పోగులు అతికిన వేలు.

ఆయన జుబ్బా జేబులోంచి రెండు పట్టుపోగులు తీశాడు. "నేత తెలుసునని రాసినావు గదప్పా. ఇవి అతుకు, సూద్దాం."

జారాయి. మళ్లీ జారాయి. నొసటి నుంచి కళ్లలోకి దిగుతున్న చెమటను చేత్తో తుడుచుకున్నాను. చూస్తే వేళ్లు తెల్లగా ఉన్నాయి. విభూతి! మెలిపెట్టాను. ముసలాయన లాగాడు. తెగలేదు.

"ఎవురు నేర్పిచ్చిరి?"

"మా అమ్మ సార్."

"ఎన్నేండ్లాయె?"

అబద్ధం చెప్పడానికి నోట్లో తడి లేదు. "ఎనిమిది దినాలు."

ఆయన నా మొహం వైపు తేరిపార చూశాడు. "ఇంగా రెండు పట్టెలుండాయి గదా నొసట. ఇంగోటి అతుకు."

రెండోది తెగింది. తెగిన పోగును ఆయన జేబులో పెట్టుకుని, "సరే, పోయి రా" అన్నాడు.

ఒక పోగు అతికించారని ఇంట్లో చెప్పాను. రెండోదాని సంగతి ఎవరూ అడగలేదు. నెల తర్వాత నాయన నాకోసం రెండో మగ్గం గుంత ఊడ్పిస్తుండగా ఉద్యోగం ఆర్డరు వచ్చింది. నా పని ఇళ్లకు పోయి నేతలో తప్పులు పట్టడం. మొదటి భయం తీరి, అంతకంటే పెద్దది జీతంతో సహా మొదలైంది.

మొదటి రోజు మొదటి ఇంట్లో ఉన్నది నాయన కంటే పెద్దాయన. మగ్గం మీద సగం నేసిన చీర. చేయి చాచాను గానీ బట్ట మీద పెట్టలేకపోయాను. వేళ్ల కొసల నుంచి చెమట కారుతోంది.

ఆయన నేత ఆపలేదు. మోచేత్తో కొబ్బరిచిప్పను నా వైపు జరిపాడు.

"అద్దుకోప్పా. పట్టు తడుస్తాది."