మా చెల్లి గంప, వాళ్ల సదస్సు

నా మెడలో ఒక అట్టముక్క వేలాడదీశారు. దాని మీద 'అబ్జర్వర్' అని రాసి ఉంది. అంటే చూడొచ్చు, వినొచ్చు, పెట్టింది తినొచ్చు, నోరు మాత్రం మెదపకూడదని తలుపు దగ్గరి పిల్ల నవ్వుతూ చెప్పింది. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, వాళ్ల నోళ్లు మూయించడంలో ఆరితేరినదాన్ని నేను. నా నోరు మూయించడానికి ఒక అంతర్జాతీయ సదస్సు దిగిరావలసి వచ్చింది.

ఎల్జీబీటీ హక్కుల సదస్సు అది. మా జిల్లా సముద్రం ఒడ్డునే, కొబ్బరిచెట్లని సైతం వరసలో నిలబెట్టిన ఒక రిసార్టులో జరిగింది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో వచ్చారు. నేను మా చెల్లికి తోడు వెళ్లాను. అది వేదిక మీద మాట్లాడవలసిన మనిషి. తోడు వచ్చినవాళ్లని పరిశీలకులుగా తప్ప లోపలికి రానివ్వరట.

చెల్లి అంటే మా అమ్మ కడుపున పుట్టినది కాదు. మాది నౌపడ ఉప్పుమళ్ల అవతల వరి పండించుకునే ఊరు. అక్కడికి కూతవేటు దూరంలో వాళ్ల చేపలపల్లె. వాళ్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలోకి వచ్చేది, వెనకే కొంగు పట్టుకుని ఇది. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. ఆ మాట దానికి ఏనాడూ నచ్చలేదు. వాళ్లమ్మ గంప దించగానే గంప కింద ఆనించుకునే ఆవిడ గుడ్డ చుట్టకుదురు తీసి తన నెత్తిన పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, మా అరుగు మీద అచ్చం వాళ్లమ్మలాగే బేరాలాడేది. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. వాళ్లమ్మ నవ్వేది కాదు. "దానికి బేరం వచ్చునమ్మా" అనేది, ఒకింత గర్వంగానే.

పెద్దయ్యాక చీర కట్టింది. వాళ్లన్న చితకబాది ఊరు దాటించాడు. విజయనగరంలో తనలాంటి వాళ్లతో కలిసి ఉంటూ ఒకరోజు నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అప్పటినుంచి ఆదివారాలు భోజనం మా ఇంట్లోనే. నేను వండిన చేపల పులుసుకి వంక పెట్టకుండా లేచిన ఆదివారం ఒక్కటీ లేదు.

దానికి కావలసింది ఒకటే. వాళ్ల పల్లెలో ఒక పద్ధతి ఉంది. పడవ ఇసక తాకితే మగవాడి పని అయిపోయినట్టే. పట్టిన చేపని గంపలో పోసి తన ఇంటి ఆడమనిషి ముందు పెట్టాలి. తల్లి కావచ్చు, పెళ్లాం కావచ్చు, అప్పచెల్లెళ్లు కావచ్చు. అక్కణ్నుంచి ధర ఆవిడ ఇష్టం. కొనేవాళ్లు గంపలో చెయ్యి పెట్టాక ఆవిడ 'ఎత్తుకో' అన్నదంటే బేరం తెగినట్టు. మొగుడైనా, కొడుకైనా మళ్లీ మాట్లాడకూడదు. బతికున్నన్నాళ్లూ వాళ్లమ్మే ఆ గంప ముందు కూర్చుంది. పోయిన ఏడాది ఆవిడ పోయింది. వదిన పలాసలో జీడిపప్పు పనికి పోతుంది, రేవుకి రానంటుంది. సరే నేను కూర్చుంటానని చెల్లి కబురు పెట్టింది. వాళ్లన్న దళారి నోటికొచ్చిన ధరకి చేపంతా వాడికి పోసేస్తున్నాడు గానీ, దీని ముందు గంప పెట్టనన్నాడు. పెడితే ఇది ఆ ఇంటి ఆడపడుచని రేవంతటి ముందూ ఒప్పుకున్నట్టు మరి. నష్టమైనా పడతాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోడు.

"అక్కా, అక్కడికి పెద్ద పెద్దోళ్లొత్తారంట. గంప మాట అందరి ముందూ సెప్పుతాను. ఎవులో ఒకలు అన్నతో మాటాడకపోరు" అంది. ఆ ఆశతోనే కొత్త చీర కట్టింది, చేతిలో ఒక సంచీ పట్టింది. సంచీలో ఎండు నెత్తళ్ల చేపలు. చేతులూపుకుంటూ పరాయి వాళ్లింటికి ఎలా వెళ్తామంది.

ఆ సంచీ దగ్గరే నాకు మొదలైంది రోత. సదస్సు నడిపించే ఆవిడ పట్నం మనిషి, తెలుగావిడే. ఖరీదైన నేత చీర, నుదుట రూపాయంత బొట్టు. ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ వాటేసుకుంటోంది. చెల్లినీ వాటేసుకుంది. అంతలో ముక్కు ముడుచుకుని, "ఏమిటి డియర్ ఈ స్మెల్?" అంది. చెల్లి సంబరంగా సంచీ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని కాపలావాడికి అందించింది. వాడు తీసుకెళ్లి చెత్తబుట్ట పక్కన పెట్టాడు. వెనక గోడ మీద మనిషి ఎత్తున 'గౌరవం' అని రాసి ఉంది, ఇంగ్లీషులో. మధ్యాహ్నం అదే ఆవిడ వంజరం వేపుడు కళ్లు మూసుకుని తింటూ, ఇక్కడ చేప ఎంత తాజాగా ఉంటుందోనని పక్కనున్న విదేశీయుడికి చెప్పింది.

అందరూ అలాంటి వాళ్లేనంటే నా నోరు పడిపోతుంది. ఎక్కణ్నుంచో వచ్చిన ఒకాయన, తనతో కాపురం చేసిన మనిషి ఆ నేరానికే జైల్లో ఉన్నాడని, ఆ మనిషి పేరు బయటికి అనే ధైర్యం కూడా తనకి లేదని చెప్పి వేదిక మీదే ఆగిపోయాడు. నేనూ కళ్లు తుడుచుకున్నాను. అలాంటి మాటలు వినడానికి ఎంత దూరమైనా పోవచ్చు. ఆ మాటల చుట్టూ జరిగే హడావుడే నాకు గిట్టలేదు. ఆయన కిందికి దిగాడో లేదో ఫొటో కోసం నలుగురు ఆయన భుజాల మీద చేతులేశారు.

చెల్లి వంతు వచ్చింది. ఆ నిర్వాహకురాలే పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతానంది. చెల్లి మైకు పట్టుకుని, భయం లేకుండా, మా అరుగు మీద నిలబడినట్టే నిలబడి మొత్తం చెప్పింది. పడవ ఎలా వస్తుంది, గంప ఎలా పెడతారు, ఎవరి ముందు పెడతారు, ఎవరి ముందు పెట్టరు. "నాకు డబ్బులక్కర్నేదు. నా ముందు గంపెట్టమని మా అన్నకి సెప్పండి, సాలు" అంది.

ఇంగ్లీషులో అదేమైందంటే, ఈమెని ఇంట్లోంచి గెంటేశారు, రైళ్లలో అడుక్కునే బతుకైంది, జీవనోపాధి కల్పించమని కోరుతోంది. అంతే. గంప లేదు, రేవు లేదు, తల్లి లేదు, అన్న లేడు. చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, "ఆమె చెప్పింది అది కాదండీ" అన్నాను. నిర్వాహకురాలు నా మెడలో అట్టముక్క వైపు చూసి, ఎంతో మర్యాదగా, పరిశీలకులకి మాట్లాడే అవకాశం లేదండి, టీ విరామంలో కలవండి అంది. అటు తిరిగి చెల్లిని అడిగింది. ఆపరేషన్ గురించి చెప్పమ్మా, పోలీసులు ఎప్పుడైనా కొట్టారా, ఏమన్నారు. చెల్లి బిత్తరపోయి నా వైపు చూసింది. చివర్లో అందర్నీ ఒకసారి దీవించమని అడిగారు. చప్పట్లు చరిచి మరీ దీవించాలట. అందరూ ఫోన్లు పైకెత్తారు.

కిందికి దిగి నా పక్కన కూర్చుని, "నా గంప మాట సెప్పినాదా?" అంది.

"నేదే" అన్నాను.

చెంగు కొస వేలికి చుట్టుకుంది. "మరి సప్పట్లెందుకు కొట్టినారు?" అంది.

టీ విరామంలో నిర్వాహకురాలిని వదల్లేదు. గంప సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. వింటూ వింటూ ఆవిడ కళ్లు మెరిశాయి. హమ్మయ్య, మనసు కరిగిందనుకున్నాను. "ఎంత మంచి విజువల్!" అంది. సముద్రం, గంప, ఒంటరి మనిషి. చిన్న ఫిల్మ్ తీద్దాం, వాళ్ల పల్లెకి మేమే వస్తాం, అన్నతో మేమే మాట్లాడతాం. చెల్లి ఎగిరి గంతేసినంత పని చేసింది. నాకు మాత్రం ఆ మెరిసిన కళ్ల మీద నమ్మకం కుదరలేదు.

చెప్పిన మాట ప్రకారం వచ్చారు. కారు, కెమెరా, వెలుతురు సర్దే నల్ల గొడుగులు. పడవలు ఒడ్డుకి చేరే పొద్దు. చెల్లి నాతో వచ్చింది. చెంగులో దాచి ఒక పాత చుట్టకుదురు తెచ్చుకుంది. వాళ్లమ్మది. ఆవిడ్ని కాటికి తీసుకెళ్లిన రోజు దూరంగా నిలబడి చూడనిచ్చారు గానీ ఇంట్లోకి రానివ్వలేదు. పెరటి దడి మీద ఆరేసి ఉన్నది ఇదొక్కటే దాని చేతికందింది.

వాళ్లన్న తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. కెమెరా అంటే మగాడికీ మోజే. నిర్వాహకురాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందని? చెల్లెల్ని ఒప్పుకోమందా, హక్కు ఇమ్మందా? "ఒక్క షాట్ కోసం ఆ బాస్కెట్ ఈమె ముందు పెట్టండి, తర్వాత తీసేసుకోండి" అంది.

వాడు గడ్డం గోక్కున్నాడు. "ఫొటోకేనా? ఫొటోకయితే ఎడతాను" అన్నాడు.

చెల్లి ముఖం చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను. ఆ ఇద్దర్లో ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో చెప్పలేను. ఒకడు గంప ఇవ్వనని భీష్మించుకున్నవాడు. ఇంకొకావిడ గంపని బొమ్మ చేసేసింది.

గంప పెట్టాడు. నిండా కానాగంత చేపలు, ఇంకా మెరుస్తున్నాయి. చెల్లి చీర బిగించి కూర్చుంది. కొంచెం బాధగా సముద్రం వైపు చూడమన్నారు, చూసింది. చేపని ఒకసారి తాకమన్నారు, తాకింది. బాగా వచ్చిందని ఒకళ్లనొకళ్లు మెచ్చుకున్నారు. ఆ వెంటనే నిర్వాహకురాలు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కారు వైపు నడిచింది. కెమెరావాళ్లు వెనకే సర్దుకున్నారు.

వాళ్లన్న గంప తీసుకోడానికి వంగాడు. అంతలో పక్కన ఖాళీ గంపతో కూర్చున్న ఒక ముసలమ్మ, రోజూ ఆ రేవులో చేప కొని ఊళ్లమ్మట అమ్ముకునే ఆవిడ, జరిగి వచ్చి గంపలో చెయ్యి పెట్టింది.

"ఏటే, బేరమా, బొమ్మలాటా?" అంది.

చెల్లి అన్న వైపు చూడలేదు. చుట్టకుదురు ఒళ్లో పెట్టుకుంది. "బేరమే పిన్నీ" అంది.

ఇక మొదలైంది. ముసలమ్మ ఒక ధర అంది, చెల్లి దానికి నవ్వింది. ముసలమ్మ చేపని తిప్పి చూసి పెదవి విరిచింది, చెల్లి మొప్ప ఎత్తి ఎరుపు చూపించింది. నడుం మీద చెయ్యి దానంతట అదే ఎక్కింది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేరారు. ఆ గొంతు విని ఒకావిడ, "ఒసే, అచ్చం ఆళ్లమ్మ గొంతేనే" అంది.

"ఎత్తుకో" అంది చెల్లి.

వాళ్లన్న అరిచాడు. "ఒసే, ఆగండే! అది ఫొటోకని ఎట్టినాను!"

ముసలమ్మ చేపని తన గంపలోకి పోసుకుంటూనే ఉంది. "గంపెవులెట్టినారు? నువ్వేనా? ఎవులి ముందెట్టినావు? మీ ఇంటి ఆడపడుసు కాకపోతే ఎందుకెట్టినావురా మరి? బేరం తెగిపోనాది. ఇంక నోరు మూసుకో" అంది.

వాడు చుట్టూ చూశాడు. మాట్లాడే మగవాడు ఒక్కడూ లేడు. రేవు పద్ధతి వాడికీ తెలుసు. నేను కారు వైపు చూశాను. అది అప్పటికే ఉప్పుమళ్ల దారి పట్టింది.

మర్నాడు వాడే తెచ్చి గంప పెట్టాడట. ప్రేమ పొంగి కాదు. దళారి ఇచ్చేదానికంటే ఎక్కువ వచ్చింది మరి. ఇప్పటికీ పలకరించడు, గంప దించి ముఖం తిప్పుకుని పోతాడు. నాకు ఆ మనిషిని తలుచుకుంటే ఇంకా వెగటే. చెల్లి మాత్రం నౌపడలో గది తీసుకుని రోజూ రేవుకి వెళ్తోంది.

కొన్నాళ్లకి ఆ ఫిల్మ్ నా ఫోన్‌కి వచ్చింది. విషాదంగా ఏదో వాద్యం, సముద్రం, బాధగా చూస్తున్న మా చెల్లి. చివర ఇంగ్లీషులో అక్షరాలు: ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కింద కన్నీళ్ల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. నేను నిర్వాహకురాలికి ఫోన్ చేసి, ఎదురుచూడ్డం ఏమీ లేదు, మీ కారు ఉప్పుమళ్లు దాటే లోపే దాని గంప దానికి వచ్చిందని చెప్పాను. ఆవిడ చాలా సంతోషించింది. "కానీ మేడమ్, ఎండింగ్ ఇలాగే బలంగా ఉంది, మార్చలేం" అంది. ఫోన్ విసిరికొట్టబోయి, ఇంకా వాయిదాలు కట్టాలని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ ఫోన్‌తోనే చెల్లికి చేశాను. వెనక సముద్రం హోరు, ఆడవాళ్ల కేకలు. "నీ సినిమా వచ్చిందే. నువ్వింకా ఎదురుచూస్తున్నావట" అన్నాను కోపంగా.

"ఎవుల కోసం?" అంది. ఇంతలో ఎవరితోనో, "ఆ సెయ్యి తియ్యి, ముందు దరకట్టు" అని గదిమింది. మళ్లీ నాతో, "అక్కా, గంప ముందున్నాను, తరవాత మాటాడతాను. ఆదోరం సేప నేనే తెత్తాను. నువ్వు మాత్రం వొండకు" అని ఫోన్ పెట్టేసింది.